గోడ దాటి గుబురెక్కిన మందారాన్ని దారికి తేవడం: కత్తిరింపుకు సమగ్ర మార్గదర్శి

పెరట్లో ఐదారేళ్ల మందారం ఉంటే చాలా ఇళ్లలో దాని పరిస్థితి ఇది: ఆకులన్నీ పైన, పూలన్నీ గోడ అవతల, కింద నాలుగడుగుల మేర ఉత్త కర్రలు. పూజకు నాలుగు పూలు కోయాలంటే స్టూలు వేసుకోవాలి, లేదా కొక్కెం కర్రతో కొమ్మ వంచాలి. లోపల పిండినల్లి (తెల్లటి పిండిలా కనిపించే రసం పీల్చే పురుగు) పట్టినా బయటికి కనిపించదు. "ఏటా కొట్టిస్తూనే ఉన్నాం, మళ్లీ అంతే పెరుగుతోంది, పూలు మాత్రం తగ్గిపోతున్నాయి, ఏం చేయాలి?" అని పాఠకులు చాలామంది అడుగుతున్నారు.

పైపైన కొట్టించడమే దీనికి కారణం. కొమ్మ చివర తెగగానే కోతకు సరిగ్గా కిందున్న రెండు మూడు కణుపులు చిగురిస్తాయి. ఒక రెమ్మ ఉన్నచోట మూడు వస్తాయి, మూడూ పైనే వస్తాయి. ఆ గుబురు నీడకి లోపలి ఆకులు రాలిపోతాయి. ఇలా నాలుగైదుసార్లు జరిగితే మొక్క గొడుగులా మారి, కింద కర్ర మాత్రమే మిగులుతుంది.

చేయాల్సింది దీనికి పూర్తిగా ఉల్టా. కోతలు తక్కువ ఉండాలి, కానీ లోతుగా ఉండాలి. పని మొక్క మొదలు దగ్గర ప్రారంభించి పైకి వెళ్లాలి. మందారం ముదురు కాండం నుంచి కూడా చిగురిస్తుంది, కొత్తగా వచ్చిన రెమ్మల మీదే పూస్తుంది. అందుకని సరిగ్గా కోస్తే భయపడాల్సిన పని లేదు.

## 1. ముందు మొక్క చుట్టూ తిరిగి చూడండి

కత్తెర ముట్టుకోకముందు ఒక పావుగంట చూడటానికే పెట్టుకోండి. అన్ని వైపుల నుంచీ చూడండి. వంగి, అడుగున కూడా చూడండి.

మొదలు ఎలా ఉంది? నేలలోంచి నాలుగైదు కాండాలు విడివిడిగా వచ్చాయా, లేక ఒకే కాండం వచ్చి అడుగు ఎత్తులో చీలిందా? విడి కాండాలుంటే పని సులువు, ముదురువాటిని ఒక్కొక్కటిగా తీసేయొచ్చు. ఒకే కాండమైతే ప్రధాన కొమ్మలనే కాండాలుగా లెక్కపెట్టుకోండి.

అంటు మొక్కా? అరచేయంత పూలు, రెండు మూడు రంగులు కలిసిన పూలు పూసే హైబ్రిడ్ మందారాలు చాలావరకు అంటు కట్టినవే. కాండం కింది భాగంలో ఒక ఉబ్బు, లేదా బెరడు రంగు మారిన గీత కనిపిస్తే అదే అంటు. దాని కింద ఎప్పుడూ కోయకూడదు. అక్కడ కోస్తే మీరు కొన్న రకం పోయి, వేరు మొక్క రకం మిగులుతుంది. అంటు కింది నుంచి వచ్చే పిలకలను కూడా కనిపించినప్పుడల్లా తీసేయాలి. మామూలు ఎర్ర ముద్ద మందారం, ఒంటి రెక్క మందారం చాలావరకు కొమ్మ నాటి పెంచినవే కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు.

ఏది బతికుంది? అనుమానంగా ఉన్న కొమ్మను గోటితో కొంచెం గీకండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఎండినట్టు.

లోపల ఎవరైనా ఉన్నారా? పిగిలిపిట్టలు, ఆకులు కుట్టి గూడు కట్టే చిన్న పిట్టలు ఇలాంటి గుబుర్లనే వెతుక్కుంటాయి. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే పని వాయిదా వేయండి, కొన్ని వారాల్లో అవే ఎగిరిపోతాయి. కందిరీగల తుట్టె ఉందేమో చూడండి. మొదట్లో రాలిన ఆకుల కింద తేళ్లు, జెర్రులు, ఒక్కోసారి పాములు ఉంటాయి. ఆ ఆకులను చేత్తో కాకుండా పొడవాటి కర్రతో లాగండి.

పైన కరెంటు తీగలున్నాయా? కొమ్మలు తీగలను తాకుతున్నా, వాటికి దగ్గరగా ఉన్నా మీరు కోయొద్దు. విద్యుత్ శాఖ వాళ్లకు చెప్పి సరఫరా ఆపించాకే ఆ భాగం జోలికి వెళ్లాలి. ఇనుప నిచ్చెన, అల్యూమినియం కర్ర అసలు వాడకూడదు.

## 2. ఎప్పుడు కోయాలి

తెలుగు రాష్ట్రాల్లో గట్టి కత్తిరింపుకు మంచి సమయం సంక్రాంతి దాటి చలి తగ్గాక, అంటే జనవరి చివరి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. అప్పుడు కోస్తే వాతావరణం వేడెక్కేకొద్దీ చిగుళ్లు వేగంగా వస్తాయి, ఎండలు ముదిరేలోపు కాండాన్ని కప్పేంత ఆకు వస్తుంది.

రెండో అవకాశం తొలకరి పడ్డాక, జూన్ ఆఖరు నుంచి జులై వరకు. ఎదుగుదల బాగుంటుంది. అయితే ముసురు పట్టిన రోజుల్లో కోయకూడదు. తడి కోతల్లోకి బూజు దిగి కొమ్మ పైనుంచి కిందికి ఎండుతూ వస్తుంది. రెండు మూడు రోజులు పొడిగా ఉండే తెరపి చూసుకోండి.

గట్టి కత్తిరింపు చేయకూడని కాలాలు:

- ఏప్రిల్, మే: ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు మీద ఒక్కసారిగా ఎండ పడితే అది మాడి పగులుతుంది.
- డిసెంబరు, జనవరి మొదట్లో: చలికి చిగుళ్లు ఆలస్యమవుతాయి. ఆదిలాబాద్ వైపు, మన్యం ప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ.

కోస్తా జిల్లాల వాళ్లకు ఒక అదనపు మాట. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు వస్తాయి. పైన బరువెక్కిన మందారం వేళ్లతో సహా పక్కకి ఒరిగేది అప్పుడే. సెప్టెంబరులో లోపలి కొమ్మలు కొన్ని తీసి, గాలి దూరిపోయేలా పలచన చేయండి. అది తేలికపాటి పని, గట్టి కత్తిరింపు కాదు.

ఎండిన కొమ్మలు, విరిగిన కొమ్మలు, పురుగు పట్టిన రెమ్మలకు ముహూర్తం లేదు. కనిపించిన రోజే తీసేయండి.

## 3. ఒకేసారి కొట్టేయాలా, విడతలుగానా?

నన్నడిగితే ఎక్కువ ఇళ్లకు విడతల పద్ధతే మేలు. మొక్క మీద భారం తక్కువ. దేవుడికి పూలూ ఆగవు.

విడతల పద్ధతి. మొత్తం కాండాల్లో అన్నిటికంటే ముదురుగా ఉన్న మూడో వంతును మొదటి విడతలో నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో కోయాలి. మిగతావాటిని కొంచెం పలచన చేసి వదిలేయాలి. కోసిన మోళ్ల నుంచి కొత్త కొమ్మలు వచ్చి నిలదొక్కుకున్నాక రెండో విడత. ఫిబ్రవరిలో మొదలుపెడితే జులైలో రెండోది, మళ్లీ ఫిబ్రవరిలో మూడోది చేయొచ్చు. మనకు ఏడాది పొడుగునా వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఏడాదిలో మొక్క మొత్తం కొత్తదవుతుంది. చలి దేశాల్లో అయితే దీనికి మూడేళ్లు పెట్టుకోమంటారు.

ఒకేసారి. అన్ని కాండాలనూ ఒకే రోజు రెండడుగుల ఎత్తుకు దించేయడం. మొక్క బలంగా ఉండి, ఎండ బాగా తగిలే చోట ఉండి, నీళ్లకు లోటు లేకపోతేనే ఇది చేయాలి. గోడకు సున్నం వేయాలనో, పిండినల్లి మొక్కంతా పాకిందనో తప్పనిసరైనప్పుడు ఇదే దారి. పూలకు రెండు మూడు నెలలు ఆగాలి.

ఆకులు పసుపెక్కి, చిగుళ్లు లేక నీరసంగా ఉన్న మొక్కకు ఒకేసారి కొట్టడం పనికిరాదు. ముందు ఎండుపుల్లలు మాత్రం తీసి, నీళ్లూ ఎరువూ సరిచేసి, కొత్త చిగురు వచ్చాక కత్తిరింపు గురించి ఆలోచించండి.

## 4. పనిముట్లు

- సికేచర్ (కొమ్మలు కోసే చేతి కత్తెర): చిటికెన వేలు లావు వరకు. రెండు బ్లేడ్లు ఒకదాని పక్కనుంచి ఒకటి జారే రకం కొనండి. బ్లేడు వచ్చి పలక మీద ఆగే రకం పచ్చి కొమ్మను నలిపేస్తుంది.
- పొడుగు పిడుల కత్తెర: బొటనవేలు లావు వరకు.
- మడిచే చేతి రంపం: అంతకంటే లావైనవాటికి. కత్తి, గొడ్డలి వద్దు. అవి కొమ్మను కోయవు, చీలుస్తాయి.
- సర్జికల్ స్పిరిట్, పాత గుడ్డ
- తోలు లేదా మందపాటి గుడ్డ గ్లౌజులు, కళ్లద్దాలు, బూట్లు
- పాత చీర పేలికలు (ఎందుకో ఆరో భాగంలో చెబుతాను)
- కొమ్మలు వేయడానికి టార్పాలిన్ లేదా పాత దుప్పటి

సికేచర్‌తో ఒక కాగితం కోసి చూడండి. నలగకుండా తెగితే పదును ఉన్నట్టు. మొక్క మారినప్పుడల్లా, రోగం ఉన్న కొమ్మ కోసిన ప్రతిసారీ బ్లేడును స్పిరిట్‌తో తుడవాలి.

## 5. కత్తిరింపుకు ముందు వారం

కోతకు రెండు రోజుల ముందు మొక్కకు నిండుగా నీళ్లు పెట్టండి. ఈ వారంలో ఎరువు వేయొద్దు. మొదట్లో ఉన్న కలుపు, రాలిన ఆకులు, అల్లుకున్న తీగలు శుభ్రం చేయండి. కాండాల మొదళ్లు కనిపించకపోతే ఏ కొమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియక పొరపాటున మంచిదాన్ని కోస్తారు.

పిండినల్లి ఉంటే, నాలుగైదు రోజుల ముందు గట్టి నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఇది చేయకుండా కొమ్మలు లాగితే ఆ తెల్ల పురుగులు పెరడంతా రాలతాయి.

## 6. కోత క్రమం

ఈ క్రమం మార్చకండి. ఒక్కో మెట్టు అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూడండి. ఎండిన కొమ్మలు తీశాక మొక్క ఇంకోలా కనిపిస్తుంది, అప్పుడు మీరు ముందనుకున్న కోతలు కొన్ని అవసరమే ఉండవు.

### 6.1 ఎండినవి

ఎండుపుల్లలు అన్నీ. ఎండిన భాగం దాటి పచ్చి భాగంలోకి ఒక అంగుళం దిగి కోయాలి. కోసిన ముఖం లోపల గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఇంకా కిందికి వెళ్లండి. తెల్లగా, శుభ్రంగా కనిపించేదాకా ఆగొద్దు.

### 6.2 రోగం, పురుగు ఉన్నవి

పిండినల్లి గుంపులు కట్టిన రెమ్మలు, ఆకులు ముడుచుకుని గిడసబారిన చివర్లు, బెరడు కుళ్లిన కొమ్మలు. వీటిని మిగతా కొమ్మల కుప్పలో కలపకుండా నేరుగా ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి.

### 6.3 ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి పోయేవి

రెండు కొమ్మలు రాసుకుంటుంటే బెరడు లేచి, అక్కడ రోగం మొదలవుతుంది. రెంటిలో బలహీనమైనది, లేదా మధ్యలోకి తిరిగినది తీసేయండి. గోడను నెడుతున్న కొమ్మలు, దారికి అడ్డంగా వచ్చినవి కూడా ఇప్పుడే.

### 6.4 ముదురు కాండాలు

అసలు పని ఇది. కోయాలనుకున్న కాండాలకు ముందే చీర పేలికలు కట్టండి. కట్టాక దూరంగా వెళ్లి చూడండి. ఆ కాండాలు లేకపోతే మొక్క ఎలా ఉంటుందో ఊహించుకోండి. అన్నీ ఒకే పక్క పడ్డాయా? అయితే ఒకటి మార్చండి. తోటపనికి మనిషిని పెట్టుకున్నా ఇది మీరే చేయాలి. "పేలిక కట్టినవే కోయి, మిగతావి ముట్టుకోకు" అని చెబితే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. లేకపోతే అతను తెలిసిన పద్ధతిలో పైన గుండుగా కొట్టి వెళ్లిపోతాడు.

ఏవి ముదురు? లావుగా, బెరడు గరుకుగా బూడిదరంగులో ఉండి, కింద ఒక్క ఆకు కూడా లేనివి. నునుపుగా, ఆకుపచ్చ గోధుమరంగు కలిసి ఉన్నవి లేతవి, వాటిని ఉంచాలి.

పొడుగ్గా ఉన్న కాండాన్ని ఒకేసారి కింద కోయకండి. పైనుంచి రెండు మూడు ముక్కలుగా దించుకుంటూ రండి. లేకపోతే అది పడుతూ మిగతా మంచి కొమ్మలను విరిచేస్తుంది.

### 6.5 ఎత్తు

ఎత్తు తగ్గించడం ఇక్కడ, చివర్లో. మీకు ఐదడుగుల మొక్క కావాలంటే ఐదడుగుల దగ్గర కోయకూడదు. మూడున్నర, నాలుగు అడుగుల దగ్గర కోయాలి. దాని మీద వచ్చే కొత్త రెమ్మలు ఐదుకు చేరతాయి.

అన్ని కొమ్మలనూ ఒకే మట్టంలో కోయకండి. మధ్యవి కొంచెం ఎత్తుగా, అంచువి కొంచెం తక్కువగా ఉంచండి. అడుగు భాగం పైభాగం కంటే వెడల్పుగా ఉండాలి. అప్పుడే కింది ఆకులకు ఎండ తగులుతుంది, మళ్లీ కాళ్లు బోసిపోవు.

ఈ దశలో ఆగి సరిచూసుకోండి:

- మొక్క మధ్యలోంచి అవతలి వైపు వెలుతురు కనిపిస్తోందా?
- విడతల పద్ధతిలో అయితే, కనీసం సగం ఆకు మిగిలి ఉందా?
- అంటు గీత కింద ఎక్కడా కోయలేదు కదా?
- రాసుకునే కొమ్మలు ఇంకేమైనా ఉన్నాయా?

## 7. ఒక్కో కోత ఎలా పెట్టాలి

సన్న కొమ్మ. బయటి వైపు చూస్తున్న కణుపును ఎంచుకోండి. దానికి పావు అంగుళం పైన, కణుపుకు అవతలి వైపుకు వాలేలా ఏటవాలుగా కోయండి. నీటి చుక్క కణుపు మీదికి కాకుండా వెనక్కి జారాలి. మరీ దగ్గరగా కోస్తే కణుపు ఎండిపోతుంది. రెండంగుళాలు వదిలేస్తే ఆ మోడు ఎండి, ఎండు కిందికి పాకుతుంది.

కొమ్మను పూర్తిగా తీసేటప్పుడు. అది పెద్ద కొమ్మలో కలిసే చోట ఉంగరంలా చిన్న ఉబ్బు ఉంటుంది. గాయం మాన్పుకునే శక్తి అంతా అక్కడే ఉంది. ఆ ఉబ్బును ఉంచి, దానికి ఆనుకుని కోయండి. కాండానికి చదునుగా చెక్కేయకండి.

లావు కొమ్మ. మూడు కోతల్లో తీయాలి:

1. చివరి కోత పెట్టాలనుకున్న చోటికి అరడుగు బయట (కొమ్మ చివర వైపు), కొమ్మ అడుగు వైపు నుంచి పైకి మూడో వంతు లోతు కోయండి.
2. దానికి ఇంకో అంగుళం బయట, పైనుంచి కిందికి కోయండి. కొమ్మ శుభ్రంగా విరిగి పడుతుంది.
3. మిగిలిన మోడును చేత్తో పట్టుకుని, అనుకున్న చోట కోసేయండి.

మొదటి కోత మానేస్తే కొమ్మ బరువుకి బెరడు కాండం పొడుగునా చీలి ఊడుతుంది. ఆ గాయం మానడానికి చాలాకాలం పడుతుంది.

ముదురు కాండం మీద కణుపులు కనిపించవు. ఫర్వాలేదు, కావాల్సిన ఎత్తులో ఏటవాలుగా కోయండి. నిద్రలో ఉన్న మొగ్గలు బెరడులోంచి వాటంతట అవే వస్తాయి.

## 8. కోత అయ్యాక, మొదటి నెల

గాయాలకు పూత. సన్న కోతలకు ఏమీ పూయనక్కర్లేదు. బొటనవేలు కంటే లావైన కోతలకు, ముఖ్యంగా వానాకాలంలో, బోర్డో పేస్టు పూయండి. ఇంటి మోతాదు: 50 గ్రాముల మైలుతుత్తం పావు లీటరు నీటిలో, 50 గ్రాముల సున్నం ఇంకో పావు లీటరు నీటిలో, విడివిడిగా ప్లాస్టిక్ పాత్రల్లో కరిగించి, తర్వాత కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. తుప్పు పట్టని ఇనుప మేకును అందులో ముంచి తీస్తే ఎర్రటి పూత అంటితే సున్నం చాలలేదన్నట్టు, ఇంకాస్త కలపండి. చేసిన రోజే వాడేయాలి, మిగిలినది దాచకూడదు. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా చూసుకోండి. ఇంత పని ఎందుకనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు మందు) పొడిని కొద్ది నీటితో ముద్దలా కలిపి పూసినా చాలు. కొందరు కోతలకు పూసే పసుపు కంటే ఇవి నమ్మకమైనవి.

ఎండ దెబ్బ. ఒకేసారి దించేసిన మొక్కల కాండాలకు, ముఖ్యంగా పడమటి ఎండ పడే వైపు, పలచటి సున్నం పూయండి. లేదా రెండు మూడు వారాలు మధ్యాహ్నం పూట గ్రీన్ నెట్ అడ్డం పెట్టండి.

నీళ్లు. ఎక్కువమంది మొక్కను చంపేది ఇక్కడే. ఆకు పోయాక మొక్క తాగే నీరు బాగా తగ్గిపోతుంది. కానీ "పాపం, కోశాం కదా" అని రోజూ బకెట్ పోస్తారు, వేరు కుళ్లుతుంది. రెండంగుళాల లోతుకు వేలు దించి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. నల్లరేగడిలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. ఎర్రనేలలో నీరు త్వరగా దిగిపోతుంది కాబట్టి కొంచెం తరచుగా అవసరం పడుతుంది. చిగుళ్లు విచ్చాక నీళ్లు పెంచుకుంటూ వెళ్లండి.

ఎరువు. కోసిన రోజు వేయకండి, తీసుకోవడానికి ఆకు లేదు. చిగుళ్లు రెండంగుళాలు పెరిగాక, మొదలుకు అడుగు దూరంలో చుట్టూ పైపైన మట్టి గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు కిలోలు వేసి మట్టి కప్పండి. భాస్వరం ఎక్కువున్న ఎరువులు మందారానికి నప్పవు, ఆకులు పసుపెక్కుతాయి. పైన ఎండుటాకులు రెండంగుళాల మందాన పరచండి, కానీ కాండానికి తగలనివ్వకండి.

కోసిన కొమ్మలు. ఆరోగ్యంగా ఉన్నవాటిని చిన్న ముక్కలు చేసి కంపోస్టులో వేయొచ్చు. పెన్సిల్ లావున్న పచ్చి కొమ్మల్ని ఆరంగుళాల ముక్కలుగా కోసి, ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన కుండీలో నీడన నాటితే కొత్త మొక్కలు వస్తాయి. వానాకాలం కోతలకు వేరు బాగా పడుతుంది. సంచిలో కట్టిన రోగపు కొమ్మలు మాత్రం చెత్తబండికే.

## 9. చిగురు వచ్చాక అసలు మొక్క తయారవుతుంది

కోసిన రెండు నుంచి నాలుగు వారాల్లో మోళ్ల మీద చిగుళ్లు గుంపులుగా వస్తాయి. ఒక్క మోడు మీదే ఏడెనిమిది రావచ్చు. అందరూ అది చూసి సంతోషించి వదిలేస్తారు. వదిలేస్తే ఆర్నెల్లలో మళ్లీ అదే గుబురు.

ఏరివేత. చిగుళ్లు వేలెడు పొడుగున్నప్పుడు ప్రతి మోడు మీద మూడు నాలుగింటిని ఉంచి మిగతావి బొటనవేలితో నెట్టి తీసేయండి. ఉంచేవి తలా ఒక దిక్కుకు చూస్తూ ఉండాలి, బయటికి వాలి ఉండాలి. మధ్యలోకి, గోడ వైపుకు చూసేవి ముందు తీయండి.

కొన గిల్లడం. ఉంచిన రెమ్మలు ఆరేడు అంగుళాలు పెరిగాక చివరి అరంగుళం గిల్లేయండి. పక్క రెమ్మలు రెండు మూడు వస్తాయి. అవి కూడా అంతే పెరిగాక ఇంకొక్కసారి గిల్లండి. ఆ తర్వాత ఆపేయాలి. మొగ్గలు వచ్చేది ఆ చివర్లలోనే, గిల్లుతూ పోతే పూలు ఉండవు.

పూలు ఆలస్యమైనా ఈ రెండు గిల్లుళ్లూ మానొద్దని గట్టిగా చెబుతాను. గిల్లని రెమ్మ ఒంటి కర్రలా నాలుగడుగులు లేచి, చివర ఒక పువ్వు పూస్తుంది. రెండుసార్లు గిల్లిన రెమ్మకు పూసే చివర్లు ఆరేడు వస్తాయి, అన్నీ చేతికి అందే ఎత్తులోనే.

లేత చిగుళ్ల మీద కాపలా. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ ముందు వాలేది వీటి మీదే. వారానికోసారి ఆకు అడుగు చూడండి. కాండం మీద చీమలు బారులు కడుతున్నాయంటే పైన ఎక్కడో పిండినల్లి గానీ పేనుబంక గానీ ఉన్నట్టే. వాటి తీపి స్రావం కోసం చీమలు వాటిని కాపాడతాయి, కాబట్టి చీమల దారి కూడా ఆపాలి. మొదట్లోనే అయితే తడి గుడ్డతో తుడిచినా పోతుంది.

## 10. తేడా వస్తే

రెండు నెలలైనా చిగురు లేదు. మోడు మీద గోటితో గీకండి. పచ్చగా ఉంటే ఆగండి, నీళ్లు ఎక్కువయ్యాయేమో చూసి తగ్గించండి. పైన ఎండి, కింద పచ్చగా ఉంటే పచ్చి భాగం వరకు మళ్లీ కోసి పూత పూయండి. నేల మట్టం దాకా ఎండితే ఆ కాండం పోయినట్టే.

కోత నుంచి కిందికి నల్లగా ఎండుతోంది. నలుపు దాటి రెండంగుళాలు కింద శుభ్రమైన చోట కోసి, బ్లేడు తుడిచి, పేస్టు పూయండి. వానలు సాగుతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్కంతా పిచికారీ చేయండి.

ఆకు బాగా వచ్చింది, పువ్వు లేదు. ఎండ చాలకపోవడం, లేదా యూరియా ఎక్కువ కావడం. మందారానికి రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. పక్క చెట్టు కొమ్మ అడ్డమైతే దాన్ని తగ్గించండి. యూరియా ఆపేయండి.

మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. నీళ్లు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు లేకపోవడం మామూలు కారణం. మొగ్గను చీల్చి చూడండి, లోపల పురుగులుంటే రాలిన మొగ్గలన్నీ ఏరి సంచిలో కట్టి పారేయండి.

ఒక పక్కే చిగురించింది. మిగతా పక్క నీడ ఉందేమో చూడండి. చిగురించిన పక్క కొనలు గిల్లితే రెండో పక్కకు కొంత బలం మళ్లుతుంది.

బెరడు చీలింది. వేలాడే బెరడును పదునైన చాకుతో అంచులు శుభ్రంగా వచ్చేలా కోసి, పేస్టు పూయండి. తాడుతో కట్టి అతికించే ప్రయత్నం చేయొద్దు, లోపల తేమ నిలిచి కుళ్లుతుంది.

## 11. మీది మందారం కాకపోతే

ఇదే క్రమం చాలా పచ్చని పొదలకు పనికొస్తుంది, తేడా ఎంత గట్టిగా కోయొచ్చన్న దాంట్లోనే.

నందివర్ధనం: ముదురు కాండం నుంచి సులువుగా చిగురిస్తుంది. తెల్లటి పాలు కారతాయి, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి.

గన్నేరు: ఎంత గట్టిగా కోసినా లేస్తుంది. కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. కోసిన కొమ్మలను పశువులకు, మేకలకు అందనివ్వకండి. ఆ పొగ కూడా ప్రమాదం, ఎట్టి పరిస్థితుల్లోనూ తగలబెట్టకండి.

నూరువరహాలు: నెమ్మదిగా ఎదుగుతుంది. విడతల పద్ధతి తప్ప ఇంకోటి వద్దు.

గోరింట: రెండడుగులకు దించినా ఫర్వాలేదు. కొన్ని రకాలకు ముళ్లుంటాయి, జాగ్రత్త.

థూజా: నర్సరీల్లో మోర్‌పంఖి అని అమ్మేది. దీనికి పై సూత్రాలేవీ వర్తించవు. ఆకు లేని ముదురు కర్రలోకి కోస్తే అక్కడ మళ్లీ చిగురించదు, ఆ ఖాళీ అలాగే మిగులుతుంది. పచ్చని భాగంలోనే, కొంచెం కొంచెంగా, ఏడాదికి ఒకటి రెండుసార్లు కోయాలి.

అమెరికాలోనో యూరప్‌లోనో కుండీలో మందారం పెంచుతూ చలికాలం ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లు గట్టి కత్తిరింపును మంచు భయం పూర్తిగా పోయి, కుండీ మళ్లీ బయట పెట్టే సమయానికి పెట్టుకోండి. లోపలికి తెచ్చేటప్పుడు చోటు పట్టేంత మేరకే తగ్గించండి. వేరు కుండీ నిండా చుట్టుకుపోయి ఉంటే కత్తిరింపుతో పాటే అంచు వేళ్లు కొంచెం తీసి, కొత్త మట్టి పోయండి.

## 12. తర్వాతి ఏడాది నుంచి

ఒకసారి మొక్క దారికి వచ్చాక పని బాగా తగ్గుతుంది. ఏటా ఫిబ్రవరిలో:

- ఎండినవి, రాసుకునేవి తీయడం
- అన్నిటికంటే ముదురు కాండాలు ఒకటో రెండో మొదలు దగ్గర కోయడం
- మిగతా కొమ్మలను మూడో వంతు తగ్గించడం
- చిగురొచ్చాక ఏరివేత, ఒకసారి కొన గిల్లడం

జులైలో గోడ దాటిన రెమ్మలు మాత్రం కణుపు చూసి కోయండి. పూలు కోసేటప్పుడు చేతిలో సికేచర్ ఉంటే, మరీ పొడుగ్గా పోతున్న రెమ్మను అప్పటికప్పుడే ఒక కణుపు దాకా దించేయొచ్చు.